సైలెన్సర్‌లోకి ఏ బ్యాఫిల్ వెయ్యాలి?

(విజయనగరంలో ఒక ఆదివారం ఉదయం మెకానిక్‌లు, బైకు నడిపే కుర్రాళ్లు కలుసుకున్నప్పుడు ఒక ఆటోమొబైల్ మాస్టారు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం, మిగతాది ఆయన మాట్లాడినట్టే ఉంది.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి బాబూ, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. వస్తువులు చేత్తో పట్టుకుని చూపిస్తూ మాట్లాడతాను, అంత దూరం నుంచి మీకు కనబడవు.

ముందే చెప్పేస్తాను. సౌండు ఎలా పెంచాలో తెలుసుకుందామని వచ్చినవాళ్లకి ఇవాళ నిరాశే. బ్యాఫిల్ అంటే సైలెన్సర్ లోపల పెట్టే గొట్టం ముక్క, అది ఉన్నదే సౌండు తగ్గించడానికి. తగ్గిస్తూనే బండి లాగుడు చెడకుండా చూడాలి. ఈ రెండూ చేసే బ్యాఫిల్ ఏది, అది మన బండికి సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది? ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఇప్పుడు మనం ఎలా కొంటున్నాం? షాపుకెళ్తాం. ఆయన బిగించి, రెండుసార్లు రేజ్ చేసి వినిపిస్తాడు. బాగుందా అంటాడు. బాగుంది అంటాం. డబ్బులిచ్చి వచ్చేస్తాం. ఏం కొలిచాం? ఏమీ కొలవలేదు. చెవికి నచ్చింది, అంతే. అది కూడా నిలబెట్టిన బండిలో, గేరు లేకుండా, లోడు లేకుండా విన్న సౌండు. అదే బండి మీద ఇద్దరెక్కి, ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్‌లో సెకండ్ గేరులో ఎక్కుతుంటే ఎలా అరుస్తుందో షాపు ముందు తెలుస్తుందా? అరకు వెళ్లొచ్చేసరికి తలనొప్పి వచ్చిందని చెప్పే కుర్రాళ్లు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. నవ్వకండి, చేతులెత్తమని అడగను లెండి.

సరే, అసలు సౌండు ఎక్కడ పుడుతోంది? ఫోర్ స్ట్రోక్ ఇంజన్ తీసుకుందాం. పేలుడు అయింది, పిస్టన్ కిందికి వెళ్తోంది. అది పూర్తిగా కిందికి చేరకముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. లోపల ఇంకా బోలెడు ప్రెషర్ ఉంది. అది ఒక్కసారిగా ఇంజన్ నుంచి సైలెన్సర్‌కి వెళ్లే బెండ్ పైపులోకి దూకుతుంది. ఆ దూకుడే సౌండు. సింగిల్ సిలిండర్ బండి నిమిషానికి వెయ్యి చుట్లు, అంటే వెయ్యి ఆర్‌పీఎమ్ దగ్గర ఐడిలింగ్‌లో ఉంటే, క్రాంకు రెండు చుట్లకి ఒక పేలుడు కాబట్టి, సెకనుకి సుమారు 8 దెబ్బలు. అందుకే బుల్లెట్టు డుగ్గు డుగ్గుమని విడివిడిగా వినిపిస్తుంది. మూడు వేల దగ్గర సెకనుకి 25. ఆరు వేల దగ్గర 50.

ఇక్కడ జాగ్రత్తగా వినాలి. ఆ దెబ్బ ఒక అలలా పైపులో ప్రయాణిస్తుంది. వేడి గ్యాసు కాబట్టి సెకనుకి 500 మీటర్ల పైన వేగం. మామూలు గాలిలో సౌండు వేగం 340 మీటర్లే. నూతిలో రాయి వేస్తే అల గోడకి తగిలి వెనక్కి వస్తుంది చూడండి, ఇది కూడా అంతే, పైపు చివరికి చేరగానే కొంత వెనక్కి తిరుగుతుంది. చివర ఖాళీగా తెరిచి ఉంటే తిరిగొచ్చే అల చూషణ అల, అంటే లాగే అల. అది సరిగ్గా వాల్వు మూసుకునే లోపు ఇంజన్ దగ్గరికి చేరితే, మిగిలిన పొగని బయటికి లాగి, గాలీ పెట్రోలూ కలిసిన కొత్త మిక్చర్ లోపలికి రావడానికి సాయం చేస్తుంది. తప్పు సమయంలో చేరితే అడ్డం పడుతుంది. ఏ ఆర్‌పీఎమ్ దగ్గర సాయం చేస్తుంది, ఏ ఆర్‌పీఎమ్ దగ్గర అడ్డం పడుతుంది అన్నది పైపు పొడవుని బట్టి, మధ్యలో ఏముంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ మధ్యలో ఉండేదాంట్లో ముఖ్యమైనది బ్యాఫిల్.

ఇప్పుడు ఒక మాట ఊరంతా తిరుగుతోంది. 'ఇంజన్‌కి బ్యాక్ ప్రెషర్ కావాలి, బ్యాఫిల్ తీస్తే బ్యాక్ ప్రెషర్ పోయి పికప్ పడిపోతుంది.' నేను ఒప్పుకోను. పొగ బయటికి పోకుండా అడ్డుకునే ప్రెషర్ ఏ ఇంజన్‌కి కావాలండీ? ఏ ఇంజన్‌కీ అక్కర్లేదు. కానీ బ్యాఫిల్ తీసేశాక కింది గేర్లలో లాగుడు తగ్గిందని మీరు చెప్పేది మాత్రం నిజమే. కారణం వేరు. ఒకటి, అల తిరిగొచ్చే సమయం మారిపోయింది. రెండు, కార్బురేటర్ బండి అయితే గాలి ఎక్కువ ఆడటం మొదలై మిక్చర్ పల్చబడింది. పెట్రోలు వదిలే జెట్టు మాత్రం పాతదే ఉంది. థ్రాటిల్ వదిలితే సైలెన్సర్‌లో టపటపమని పేలుతోందంటే చాలావరకు అదే గొడవ. లేదంటే బెండ్ పైపు ప్యాకింగ్ దగ్గర లీకుండి బయటి గాలి లోపలికి వెళ్తోంది. ముందు లీకు చూడండి, ఆ తర్వాతే జెట్టు జోలికి వెళ్లండి. లీకు చూడటం ఎలాగంటారా? పొద్దున్నే చల్లటి బండి స్టార్ట్ చేసి, ఎవరిచేతైనా సైలెన్సర్ చివర ఒక తడిగుడ్డ క్షణం అడ్డం పెట్టించండి. ప్యాకింగ్ దగ్గర బుస్సుమంటే దొరికినట్టే.

ఇక బ్యాఫిల్స్ సంగతికి వద్దాం. ఇదిగో, నా చేతిలో మూడు ఉన్నాయి. చేతులు మార్చుకుంటూ చూడండి, మళ్లీ నాకు ఇచ్చేయాలి.

మొదటిది చూడండి. గొట్టం, దాని నిండా గుండ్రటి చిల్లులు. చివర తెరిచే ఉంది. దీన్ని ఉత్తగా వేస్తే పెద్దగా ఏమీ తగ్గదు. దీని చుట్టూ గ్లాస్ ఊల్ చుట్టి వెయ్యాలి. చిల్లుల్లోంచి వెళ్లిన సౌండు ఆ ఊలులో రాపిడికి వేడిగా మారిపోతుంది. దీని గుణం ఏమిటంటే, కీచుమనే, చిరచిరలాడే సౌండుని బాగా మింగుతుంది. లోతైన డుగ్గు డుగ్గుని పెద్దగా ముట్టుకోదు. అందుకే 'బేస్ బాగా వస్తోంది' అంటారు. అది బేస్ రావడం కాదు నాయనా, పైనున్నది పోయి కిందది మిగలడం.

రెండోది. ఇందులో గొట్టం మధ్యలో అడ్డంగా ఒక బిళ్ల వెల్డింగ్ చేసి ఉంది, కనిపిస్తోందా? టార్చి వెయ్యండి. పొగ ముందుకి పోలేక పక్క చిల్లుల్లోంచి బయటికొచ్చి, బిళ్ల దాటాక మళ్లీ చిల్లుల్లోంచి లోపలికి వెళ్లి చివరికి పోతుంది. అల ఆ బిళ్లకి కొట్టుకుని వెనక్కి వచ్చి, ఎదురొచ్చే అలతో కలిసి కొంత చచ్చిపోతుంది. లోతైన సౌండుని తగ్గించాలంటే ఇలాంటి అడ్డాలు, దాంతోపాటు గదులు కావాలి. కంపెనీ సైలెన్సర్ కోసి చూసినవాళ్లకి తెలుసు, లోపల రెండు మూడు గదులుంటాయి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గొట్టాలుంటాయి. అంత పెద్ద డబ్బా అందుకే. షోకి కాదు.

మూడోది మీ అందరికీ తెలిసిందే, డీబీ కిల్లర్. పొట్టిగా, మూతిలోకి దూరి, ఒక్క బోల్టు మీద నిలబడుతుంది. కొంత తగ్గిస్తుంది. దీన్ని వేసుకుంటే కంపెనీ సైలెన్సరంత నెమ్మదిగా ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇంత పొట్టి ముక్క అన్ని గదుల పని ఎలా చేస్తుంది?

మరి ఎంచుకోవడం ఎలా? కొలతలు తీసే వెర్నియర్ తీయండి. వెర్నియర్ లేని మెకానిక్ ఉంటే ఇవాళే కొనండి, ఒక సైలెన్సర్ ధరలో పదో వంతు ఉండదు.

మొట్టమొదట పైపు లోపలి కొలత. అందరూ ఇక్కడే దెబ్బతింటారు. పైపు ఒకటింబావు, ఒకటిముప్పావు అని చెప్పేది బయటి కొలత. ఒకటిముప్పావు అంగుళం అంటే 44 మిల్లీమీటర్ల పైచిలుకు. రేకు మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు అనుకోండి, రెండు పక్కలా మూడు పోయింది. లోపల 41 చిల్లర మిగిలింది. బ్యాఫిల్ అందులో చేత్తో నెడితే వెళ్లాలి, కానీ వదులుగా ఆడకూడదు. అర మిల్లీమీటరు సందు చాలు. రెండు మిల్లీమీటర్ల సందు ఉంటే ఏమవుతుంది? పొగ బ్యాఫిల్ లోపలికి పోకుండా పక్క సందులోంచి దారి చూసుకుంటుంది, సౌండు తగ్గదు, పైగా వేడికి లోపల గలగలమంటుంది. ఇంకొకటి, మూతి దగ్గర కొలిచి ఊరుకోకండి. కొన్ని పైపులు లోపలికి వెళ్లేకొద్దీ సన్నబడతాయి. వంపు ఎక్కడ మొదలవుతోందో ఒక పుల్ల పెట్టి చూడండి. బ్యాఫిల్ పొడవు అంతకన్నా తక్కువ ఉండాలి.

తర్వాత లోపలి గొట్టం వ్యాసం. ఇక్కడ లెక్క ఒకటి ఉంది, భయపడకండి. 40 మిల్లీమీటర్ల గొట్టానికి లోపలి వైశాల్యం సుమారు 1256 చదరపు మిల్లీమీటర్లు. 30 మిల్లీమీటర్లకి 707. వ్యాసం పాతిక శాతం తగ్గిస్తే దారి దాదాపు సగానికి పడిపోయింది. చూడటానికి 'కొంచెం సన్నం' అంతే, కానీ ఇంజన్‌కి అది కొంచెం కాదు. నూట పాతిక బండికి 30 హాయిగా సరిపోవచ్చు. అదే గొట్టం ఐదొందల సీసీ బండికి వేస్తే ఎక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర గొంతు పట్టేస్తుంది.

అడ్డం బిళ్ల ఉన్న రకం అయితే చిల్లుల లెక్క కూడా చూడాలి. బిళ్లకి ఇటు ఉన్న చిల్లుల మొత్తం వైశాల్యం గొట్టం వైశాల్యం కన్నా తక్కువ ఉండకూడదు. 5 మిల్లీమీటర్ల చిల్లుకి సుమారు 19.6 చదరపు మిల్లీమీటర్లు. 30 గొట్టానికి 36 చిల్లులైనా ఉండాలి, బిళ్లకి అటు 36, ఇటు 36. ఇదిగో, ఈ రెండో దాన్ని లెక్కపెట్టండి. తమ్ముడూ, నువ్వే లెక్కపెట్టు గట్టిగా. ఇరవై నాలుగేనా? చూశారా. ఇది షాపులో బాగా అమ్ముడుపోయే రకం. సౌండు బాగా తగ్గుతుంది, ఎందుకు తగ్గదు, గొంతు నొక్కేస్తే ఎవరైనా అరవగలరా? ఒక్కో పక్క ఇంకో పన్నెండు చిల్లులు డ్రిల్ చేస్తే పనికొస్తుంది. పారెయ్యక్కర్లేదు.

పొడవు. మీకు చోటున్నంత పొడవు తీసుకోండి. సన్నం చేసి సౌండు తగ్గించడం కన్నా పొడుగు చేసి తగ్గించడం మేలు. ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

ప్యాకింగ్ ఊలు సంగతి. ఇళ్ల కప్పులకి వాడే పల్చటి ఊలు తెచ్చి చుట్టొద్దు, నెలలో పొడిపొడి అయి ఎగిరిపోతుంది. సైలెన్సర్‌కని అమ్మే చాప లాంటి మందపాటి గ్లాస్ ఊల్ ఉంటుంది, అది తీసుకోండి. ముందు ఒక చుట్టు స్టీల్ ఊల్ వేసి దాని మీద గ్లాస్ ఊల్ వేస్తే ఎక్కువ కాలం నిలుస్తుంది. మరీ బిగించి కూరకండి, ఊలు మధ్య గాలి ఆడితేనే అది పనిచేస్తుంది. చేతికి గ్లౌజులు, మూతికి మాస్కు. దురద అంటే ఏమిటో చుట్టినవాళ్లనడగండి. ఊలు అయిపోయిందని ఎలా తెలుస్తుంది? సౌండు రోజురోజుకీ పెరుగుతుంది కాబట్టి మీకు తెలీదు, పక్కింటివాళ్లకి తెలుస్తుంది. సైలెన్సర్ డబ్బా పైన క్రోము రంగు మారుతుంటే అది కూడా గుర్తే, వేడి నేరుగా రేకుకి తగులుతోందన్నమాట.

టూ స్ట్రోక్ వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ, యమహా ఆర్ఎక్స్ 100 బయట చూశాను. 1996లో ఆపేసిన బండి, ఇంకా ఎంత ముద్దుగా ఉంచుకున్నారో! టూ స్ట్రోక్ బ్యాఫిల్‌తో ఆటలాడొద్దు. ఫోర్ స్ట్రోక్‌లో వాల్వులున్నాయి. ఇందులో లేవు. సైలెన్సర్ ఉబ్బి, మళ్లీ సన్నబడే ఆ ఆకారమే అలని వెనక్కి పంపి, బయటికి జారిపోతున్న కొత్త మిక్చర్‌ని మళ్లీ సిలిండర్‌లోకి తోస్తుంది. చివర గొట్టం వ్యాసం కూడా ఆ లెక్కలో భాగమే. సన్నం బ్యాఫిల్ పెడితే లోపల ప్రెషర్, వేడి పెరిగి పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. బ్యాఫిల్ తీసేస్తే కంపెనీవాడు చేసిన ట్యూనింగ్ అంతా పోతుంది. కాబట్టి అసలు కొలతే వెయ్యండి, శుభ్రంగా ఉంచండి. జావా, యెజ్డీ రోజుల్లో బ్యాఫిల్ లాగి కార్బన్ తీయించడం సర్వీసులో మామూలు పని. ఇప్పుడు చాలామంది మర్చిపోయారు. బోల్టు విప్పి పట్టకారుతో లాగండి. నల్లటి జిగురు పట్టి ఉంటుంది. కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెడితే పొద్దున్న బ్రష్‌తో వచ్చేస్తుంది. ప్లాస్టిక్ బకెట్టే వాడండి, అల్యూమినియం గిన్నెలో కాస్టిక్ పోశారంటే అది పొంగి గిన్నెని తినేస్తుంది. నీళ్లలో కాస్టిక్ వెయ్యాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. చేతికి తగలకుండా, పిల్లలకి అందకుండా.

ఇప్పుడు అసలు పేచీ. బీఎస్ సిక్స్ బళ్లు, అంటే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం చేసినవి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చినవన్నీ ఇవే. వీటికి ఏ బ్యాఫిల్ వెయ్యాలని మీరందరూ అడుగుతారు. నా సమాధానం: కంపెనీ సైలెన్సర్ ఉంచుకోండి. అంతే. ఎందుకంటారా? ఈ బళ్లలో పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంది. కొన్నింట్లో బెండ్ పైపులో, కొన్నింట్లో సైలెన్సర్ డబ్బాలోనే. ప్లాటినం, పెల్లేడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాల పూత అది. సైలెన్సర్ విప్పి ఇచ్చేస్తే తుక్కుకి కొనేవాడు ఎందుకంత సంబరపడతాడో ఇప్పుడర్థమైందా? పైగా పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సర్ ఉంది. నెమ్మదిగా నడుపుతున్నంతసేపు అది మిక్చర్ సరిచేసుకుంటుంది, అందుకే 'ఏమీ కాలేదు మాస్టారూ' అంటారు. పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఇంజన్ కంప్యూటర్ ముందే రాసుకున్న లెక్క ప్రకారం పెట్రోలు పోస్తుంది, సెన్సర్ మాట వినదు. ఆ లెక్క పాత సైలెన్సర్‌కి రాసింది.

కీ ఆపి, మళ్లీ తిప్పి టపాకాయ పేల్చేవాళ్లు కూడా వినండి. ఇంజన్ తిరుగుతుండగా కీ ఆపితే, కార్బురేటర్ బండిలో కాలని పెట్రోలు సైలెన్సర్‌లో చేరుతుంది. మళ్లీ ఆన్ చెయ్యగానే అదంతా అక్కడ అంటుకుంటుంది. దీపావళి ఏడాదికొక్కసారే కదా? ఆ దెబ్బకి బ్యాఫిల్ వెల్డింగులు వదులుతాయి, ఊలు చిరుగుతుంది. నా దగ్గరికొచ్చిన విరిగిన బ్యాఫిల్స్‌లో బిళ్ల ఊడినవే ఎక్కువ.

చట్టం గురించి రెండు ముక్కలు. 2005 ఏప్రిల్ నుంచి ఉన్న పరిమితి ఇది: 80 సీసీ దాకా 75 డెసిబెల్స్, 175 దాకా 77, ఆ పైన 80. ఇది ఎలా కొలుస్తారు? బండి థ్రాటిల్ ఇచ్చి వెళ్తుంటే ఏడున్నర మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలుస్తారు. మీ ఫోను సైలెన్సర్ పక్కన పెట్టి, నూరు చూపిస్తోంది, చట్టం దాటింది అంటే కుదరదు. ఫోను వేరేదానికి పనికొస్తుంది. ఒకే చోట, ఒకే దూరంలో, ఒకే ఆర్‌పీఎమ్ దగ్గర బ్యాఫిల్ వెయ్యకముందు ఒకసారి, వేశాక ఒకసారి కొలవండి. ఆ తేడా నమ్మొచ్చు. మూడు డెసిబెల్స్ తగ్గితే సౌండు శక్తి సగమైనట్టు. చెవికి సగమైనట్టు అనిపించాలంటే మాత్రం దాదాపు పది తగ్గాలి.

కంపెనీ ఇచ్చిన బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. శబ్దం, పొగ పరిమితులు దాటితే 190వ సెక్షన్ కింద 2019 సవరణ తర్వాత పదివేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు, లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ నూరు మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజు మూడు లాంతర్ల దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం, ఆ సందడిలో మన సైలెన్సర్ ఎవరికి వినిపిస్తుందిలే అనుకోవచ్చు. రాత్రి పదకొండుకి కంటోన్మెంట్‌లో వినిపిస్తుంది.

మెకానిక్‌లకి ఒక్క మాట. రోజుకి ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్ దాకా చెవి తట్టుకుంటుందని లెక్క. ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం. 88 అయితే నాలుగు గంటలే, 91 అయితే రెండే. షెడ్డులో రేజ్ చేసి ట్యూనింగ్ చేసేది మీరు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కొనుక్కోండి.

బిగించడం. బోల్టుకి చిల్లు డ్రిల్ చేసేటప్పుడు బ్యాఫిల్ వెల్డింగు మీద పడకుండా చూసుకోండి. స్ప్రింగ్ వాషర్ తప్పనిసరి. బోల్టు థ్రెడ్డుకి కాపర్ పేస్టు రాయండి, లేకపోతే వచ్చే ఏడాది విప్పలేరు, తల తెగిపోతుంది. బిగించాక ఒకసారి బండి బాగా వేడెక్కేదాకా నడిపి, చల్లారనిచ్చి, మళ్లీ బిగించండి. మొదటి వేడికి వదులవుతుంది, అది దాని స్వభావం. సాలూరు షెడ్లలో లారీలవాళ్లు ఈ పని మర్చిపోరు, బైకులవాళ్లమే మర్చిపోతాం. కార్బురేటర్ బండి అయితే కొంచెం దూరం నడిపి స్పార్క్ ప్లగ్గు విప్పి చూడండి. ఇటుక రంగు ఉంటే సరే. తెల్లగా ఉంటే మిక్చర్ పల్చన, జెట్టు పెంచాలి. నల్లగా మసి ఉంటే తగ్గించాలి.

ఏంటి బాబూ? గట్టిగా అడుగు. 'ఏటి మాస్టారూ, బ్యాఫిల్ తీసేస్తే మైలేజీ పెరుగుద్దంతన్నారు కదా?' అని అడుగుతున్నాడు. ఎవరన్నారమ్మా? తీసేసినవాడు సౌండు వినడానికి ఊరికే రేజ్ చేస్తూ వెళ్తాడు. ఆ పెట్రోలు ఎవరు పోస్తారు? మిక్చర్ పల్చబడి ఒకటి రెండు కిలోమీటర్లు తేడా కనిపించినా, ఆ వేడికి వాల్వు దెబ్బతింటే ఇంజన్ పనికయ్యే ఖర్చుతో ఏడాది పెట్రోలు వస్తుంది.

ఇంకొకరు, మీరు చెప్పండి. పాత బుల్లెట్టుకి, కాస్ట్ ఐరన్ ఇంజన్‌దానికి. పొట్టి సైలెన్సర్ ఉంది, లోపల ఏమీ లేదు అంటున్నారు. మీకైతే అడ్డం బిళ్లతో పాటు చుట్టూ ఊలు పట్టే రకం కావాలి, పొడుగ్గా. ఐడిలింగ్‌లో డుగ్గు డుగ్గు ఉంటుంది, పైన కీచు ఉండదు. కొలతలు తీశాక చెప్తాను, ఊహించి చెప్పను.

బళ్లన్నీ బయటే ఉన్నాయి కదా, పదండి. ఆర్ఎక్స్ ఎవరిదో ముందు బ్యాఫిల్ బోల్టు విప్పండి, ఈపాటికి చల్లారే ఉంటుంది. వెర్నియర్, టార్చి నేను పట్టుకొస్తాను. ఆ మూడు బ్యాఫిల్స్ ఎవరి దగ్గరున్నాయో ఇటివ్వండి.